ఒరిగిన రాజమందిరం

ఒకానొక రాజ్యంలో రాజమందిరం ఒక పక్కకు ఒరిగిపోతోందని రాజుగారు సెలవిచ్చారు. ఆయన సెలవిచ్చాక నిటారుగా నిలబడే ధైర్యం ఆ కొలువులో ఎవరికీ లేకపోయింది.

ఆ రాజ్యం పేరు చిట్టేరుసీమ, రాజధాని గండవరం, రాజు రణరంగమల్లుడు. ఆయనకు పద్దెనిమిది బిరుదులుండేవి. సభ మొదలయ్యే ముందు ఆ పద్దెనిమిదీ వరసగా చదవాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచి అందుకోవాలి. యుద్ధమంటూ ఆయన చేసింది ఒక్కటే, అదీ పడుచువయసులో. తరవాత శత్రువులెవరూ అటువైపు తొంగిచూడలేదు గనుక, ఆయన ధ్యాసంతా మెల్లమెల్లగా భోజనం మీదికి మళ్లింది.

సరిగ్గా ఆ ఒరుగు మొదలైన రోజుల్లోనే బయ్యన కొలువులో చేరాడు. ప్రజలు రాసుకొచ్చిన విన్నపాలను రాజుగారికి చదివి వినిపించడం అతని పని. అంతకుముందు ఓ మారుమూల ఊళ్లో పదేళ్లు బడిపంతులుగా ఉండి, చదివింది మాటకు మాట అప్పచెప్పగలడని పేరు తెచ్చుకున్నవాడు. ఆ పేరు చూసే పిలిపించారు.

మొదటిరోజు సభలో బయ్యన చేతులు కట్టుకుని ఓ వారగా నిలబడ్డాడు. రాజుగారు ఏదో తగవు తీర్చి సింహాసనం మీంచి లేచారు. లేస్తూనే పక్కనున్న స్తంభం పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ముఖం కందిపోయి ఉంది, నుదుటి మీద నరం ఉబ్బి ఉంది. కాసేపటికి కళ్లు తెరిచి, మందిరం మళ్లీ కుడివైపుకు ఒరిగిందని అన్నారు.

వెంటనే మంత్రి కసవరాజు కుడివైపుకు వాలాడు. ఆయన్ని చూసి సేనాధిపతి వాలాడు. వింజామరలు వీచే స్త్రీలు వింజామరలతో సహా వాలారు. పండితులు ఒకరి భుజం మీద ఒకరు వాలారు. సభంతా గాలికి వంగిన వరిచేనులా ఉంటే, నడుమ బయ్యన ఒక్కడే నిలువునా మిగిలిపోయాడు.

అతనికి ఏమీ అర్థం కాలేదు. పాదాలతో నేలను తడిమి చూశాడు. సమంగానే ఉన్నట్టు తోచింది. కాని ఇంతమంది పెద్దలకు తెలిసిన సంగతి తన పాదాలకు తెలియడం లేదంటే, లోపం పాదాల్లోనే ఉందేమో అనుకున్నాడు. పల్లెటూరి మట్టినేల మీద తిరిగిన కాళ్లు, రాతినేల సంగతి వాటికేం తెలుస్తుంది? మొహమాటపడుతూ అతనూ కొంచెం వాలాడు. సాయంత్రం ఇంటికి వెళ్తే అతని భార్య మాచమ్మ, కాలు బెణికిందా అని అడిగింది.

మర్నాడు అతను సభకు అందరికంటే ముందే వెళ్లి, ఒక నిమ్మకాయను నేల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాడు. అది పెట్టినచోటే ఉంది. ఇంతలో మంత్రి కసవరాజు వచ్చి ఏం చేస్తున్నావని అడిగాడు. బయ్యన ఉన్నమాట చెప్పాడు. నేల ఒరిగి ఉంటే నిమ్మకాయ దొర్లాలి కదా, దొర్లుతుందేమో చూస్తున్నానన్నాడు.

మంత్రి నిమ్మకాయ వంక చూశాడు. తరవాత ఆయన చూపు నేల వెంబడి మెల్లగా కుడివైపుకు సాగి స్తంభం దాకా వెళ్లింది. మధ్యలో ఒకసారి దారి ఇస్తున్నట్టు కాలు కూడా పక్కకు తీశాడు.

"ఎంత వేగంగా దొర్లిందో చూశావా?" అన్నాడు.

బయ్యన చూశాడు. నిమ్మకాయ తన ముందే ఉంది. దాన్ని తీసి రొంటిన దోపుకున్నాడు. ఆ పూటంతా విన్నపాలు చదువుతూ మధ్యమధ్య చెయ్యి పెట్టి, అది ఉందో లేదోనని తడుముకుంటూనే ఉన్నాడు.

వారం గడిచేసరికి అతనికి కంటి మీదా కాలి మీదా కూడా నమ్మకం సడలింది. అప్పుడు బసవమ్మ విన్నపం వచ్చింది.

బసవమ్మ భర్త నాగోజు కాసెపనివాళ్ల పెద్ద, అంటే రాళ్లు చెక్కి కట్టడాలు లేపేవాళ్లకు నాయకుడు. ఇరవై ఏళ్ల కిందట రాజమందిరం కట్టింది అతనే. మందిరం ఒరుగుతోందని రాజుగారన్న మూడోనాడే, వంకరగా కట్టాడన్న నేరం మీద అతన్ని చెరలో పెట్టారు. తన భర్త ఏ గోడ లేపినా తాడు చివర ఇనుపగుండు కట్టి వేలాడదీసి, ఆ తాడు చూపినట్టే లేపుతాడని బసవమ్మ రాయించింది. అదే గుండును సభలో వేలాడదీసి చూడమని, చూశాక కూడా తప్పని తోస్తే తానేమీ అననని, ఆ ముసలిమనిషి చలికి ఓర్చుకోలేడని వేడుకుంది.

బయ్యన చదువుతున్నంతసేపూ రాజుగారి నుదుటి నరం కొట్టుకుంటూనే ఉంది. ఒరిగిన మందిరంలో వేలాడదీస్తే ఆ గుండు కూడా ఒరిగే వేలాడుతుందని, దాన్ని నమ్మడం బుద్ధితక్కువని ఆయన తేల్చారు. ఎంత సూక్ష్మమైన మాట సెలవిచ్చారని మంత్రి మెచ్చుకున్నాడు. అది సూక్ష్మమో కాదో బయ్యనకు ఎంత ఆలోచించినా తెగలేదు. విన్నపం మడిచి పెట్టి ఊరుకుంటే పోయేది. కాని ఆ చివరిమాట, ఆ చలి మాట, అతన్ని ఊరుకోనివ్వలేదు.

"ప్రభూ, సభంతా ఒకేవైపు ఒరిగి ఉంటే, ఎంత ఒరిగిందో కొలిచేవారెవరు?" అని అడిగాడు.

రాజుగారు అతని వంక తేరిపార చూసి, కొలిచేది నువ్వే, సరిచేసేదీ నువ్వేనన్నారు. నలభై రోజులు గడువు ఇచ్చారు. ఈలోగా మందిరం సర్దుకుంటే నాగోజు ఇంటికి వెళ్తాడు. సర్దుకోకపోతే నాగోజు పనిచేసే చేతికి బొటనవేలు ఉండదు, బయ్యన చదివే నోటికి నాలుక ఉండదు. సభ ముగిసింది.

బయ్యన చెరసాలకు వెళ్లి నాగోజు దగ్గర ఇనుపగుండు ఎక్కడుందో కనుక్కుని తెచ్చుకున్నాడు. మూడు రోజులు గదిగదికీ తిరిగి వేలాడదీశాడు. గోడకూ తాడుకూ మధ్య పైనెంత సందు ఉందో కిందా అంతే ఉంది. పైగా ఇంకో చిక్కు వచ్చిపడింది. పొద్దున కుడివైపుకు ఒరిగిందన్న మందిరాన్నే, భోజనమయ్యాక ఎడమవైపుకు ఒరిగిందంటున్నారు రాజుగారు. ఒకనాడు సేనాధిపతిని కేకలేసి తిట్టాక, మందిరం గిర్రున తిరిగిందని కూడా అన్నారు. ఆ రోజు ఎటు వాలాలో తెలియక సభవారు ఒకరినొకరు గుద్దుకున్నారు.

తిరిగే మందిరం ఏమిటో, అందులో కదలని నిమ్మకాయ ఏమిటో, బయ్యన బుర్ర వేడెక్కింది. అసలు ఒరుగు ఏ వేళల్లో వస్తోందో చూద్దామని, రోజూ దాన్ని తాటాకు మీద గీసుకోసాగాడు. పగలు భోజనం తరవాత తప్పకుండా వస్తోంది. కోపం వచ్చినప్పుడు వస్తోంది. ముందురోజు మూడో జాము దాకా నాట్యాలు చూసి ఉంటే పొద్దున్నే వస్తోంది. భోజనానికీ గోడలకూ ఏం సంబంధమో తెలియక, వంటశాలకు వెళ్లాడు.

వంటశాల పెద్ద అక్కమ్మ నలభై ఏళ్లుగా అక్కడే ఉంది. రాజుగారేం తింటారని అడిగితే, ఏం తినరో చెప్పడం తేలికన్నది. కూరలు తినరు. పళ్లు కోతులు తినేవంటారు. ఆకుకూర చూస్తే విస్తరి తోసేస్తారు. అన్నంలోకి ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, మూడూ ఉండాలి. నంజుకోవడానికి ఊరమిరపకాయలూ అప్పడాలూ, ఎండుచేపల వేపుడూ. మజ్జిగలో కూడా గుప్పెడు ఉప్పు. ఇదంతా అయ్యాక దాహం, దాహానికి కుండెడు నీళ్లు, ఆ తరవాత నిద్ర.

"మరి నడక?" అని అడిగాడు బయ్యన.

అక్కమ్మ నవ్వింది. "పడకగది నుంచి సభకు పల్లకి, సభ నుంచి భోజనశాలకు పల్లకి. ఆయన నడవగా నేను చూసి పదేళ్లయిందయ్యా. పాపం, రాజుగారి తలనొప్పి పోవాలని ఇంగువ వేసిన మాగాయ ప్రత్యేకంగా పెడుతున్నాను. దాంతో ఇంకా ఎక్కువైంది."

తలనొప్పి అన్న మాట బయ్యన చెవిలో పడింది. ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా అని అడిగితే, ఒకప్పుడు రాజవైద్యుడు మాదయకు తెలుసునని, ఆయన ఇప్పుడు ఊరిచివర మందుమొక్కలు పెంచుకుంటున్నాడని అక్కమ్మ చెప్పింది.

మాదయ ఊరిచివరికి ఎలా వెళ్లాడో ఆయన నోటే విన్నాడు బయ్యన. ఆరు నెలల కిందట ఆయన రాజుగారి నాడి పట్టుకుని చూసి భయపడ్డాడు. వరద రోజుల్లో ఏరు గట్టును తన్నినట్టు, నాడి వేలిని తన్నుతోంది. ప్రభువుల ఒంట్లో రక్తం పోటెత్తుతోందని, ఉప్పు తగ్గించి, నడక పెంచి, వేళకు నిద్రపోకపోతే ఏదో ఒకరోజు గట్టు తెగుతుందని, అప్పుడు కాలూచెయ్యీ పడిపోవచ్చని, గుండె ఆగిపోవచ్చని చెప్పాడు.

"ఆయనేమన్నారు?"

"రణరంగమల్లుడి రక్తం పోటెత్తితే దాన్ని శౌర్యమంటారు, రోగమనరు, అన్నారు. ఊళ్లోకి రావద్దన్నారు."

బయ్యనకు, ఇన్నాళ్లూ తన పాదాలు సరిగ్గానే ఉన్నాయని తెలిసి ఒకవైపు సంతోషంగా ఉంది. ఒరిగేది మందిరం కాదని తెలిసింది కాని, ఆ మాట చెబితే తనకూ ఊరిచివరే గతి, నాగోజుకు బొటనవేలు పోవడం ఖాయం. చెప్పకపోతే గడువు నాటికి వేలూ నాలుకా రెండూ పోతాయి. పైగా ఆ రాజు, ఎంత డాంబికుడైనా సరే, ఏదో ఒక పూట సభ మధ్యలో కుప్పకూలిపోతాడు. చెప్పినా చిక్కే, మానినా చిక్కే.

లేవబోతూ, పోటు తగ్గాలంటే ఏమేం చెయ్యాలో మరోసారి చెప్పమని మాదయను అడిగి, తాటాకు మీద రాసుకున్నాడు.

మర్నాడు సభలో బయ్యన ముందుకు వచ్చి, మందిరం ఒరిగిన మాట నిజమేనని చెప్పాడు. సభ తృప్తిగా తల ఊపింది. కారణం కూడా దొరికిందన్నాడు. గోడలకు ఉప్పు పట్టింది. ఉప్పు పట్టిన గోడ చెమ్మ పీల్చి ఉబ్బుతుందని, ఉబ్బి ఒరుగుతుందని ఏ కాసెవాణ్ణి అడిగినా చెబుతాడు. రాజమందిరంలో ఉన్నంత ఉప్పు సముద్రపు ఒడ్డున కూడా లేదు. కోష్ఠాగారం నిండా ఊరగాయ జాడీలే. కనక వాటిని కోట బయటి కొట్లకు తరలించాలి. వంటలో ఉప్పు చిటికెడుకు మించరాదు.

రాజుగారికి ఇది నచ్చలేదు. నా భోజనం సంగతేమిటన్నారు. మందిరం కోసం ప్రభువులు నలభై రోజులు త్యాగం చేశారని శాసనం చెక్కిస్తామన్నాడు బయ్యన. త్యాగమన్న మాట విని రాజుగారు కాస్త మెత్తబడ్డారు. పంతొమ్మిదో బిరుదుకు పనికొచ్చే మాట అది.

తరవాతి సంగతి నడక. ఒరుగు ఎటున్నదో సామాన్యుల పాదాలకు తెలియదని, ప్రభువుల పాదానికి మాత్రమే తెలుస్తుందని సభంతా సాక్ష్యం చెబుతోంది కదా అన్నాడు బయ్యన. కనక ప్రభువులే రోజూ పొద్దున్నే పాదరక్షలు విడిచి, కోటగోడ మీద చుట్టూ నడిచి, బురుజు బురుజు దగ్గరా నిలబడి ఒరుగు చూడాలి. పల్లకి ఎక్కితే పల్లకి ఊగుకూ గోడ ఒరుగుకూ తేడా తెలియదు. మరొకటి, ఉప్పు పట్టిన గోడలకు అదురు పనికిరాదు. పొద్దుపోయాక నాట్యాలు ఆపించాలి. ప్రభువుల కంఠం సింహనాదం వంటిది గనుక, కొన్నాళ్లు కేకలు వెయ్యకుండా దయచూపాలి.

రాజుగారు మంత్రి వంక చూశారు. మంత్రికి ఒరుగు లేదనడానికి వీల్లేదు. ప్రభువుల పాదం గొప్పది కాదనడానికి అసలే వీల్లేదు. చివరికి ఆయన కూడా తల ఊపాడు.

అలా మొదలైంది. మొదటి వారం రాజుగారు ఒక బురుజు దాకా నడిచి ఆయాసంతో కూలబడ్డారు. భోజనం ముందు కూర్చుని, ఇది తిండా గడ్డా అన్నారు. అక్కమ్మ తన నలభై ఏళ్ల పనితనమంతా బయటికి తీసింది. తోటకూరలో వెల్లుల్లి, బీరకాయలో కొత్తిమీర, పప్పులో నిమ్మరసం, చారులో మిరియాలూ జీలకర్రా, ఇలా ఉప్పు లేని లోటు తెలియకుండా ఒక్కో పూటా ఒక్కో ఎత్తు వేసింది. పదిరోజులకు రాజుగారు బీరకాయ మళ్లీ వడ్డించమన్నారు. అడిగినందుకు సిగ్గుపడి, మందిరం కోసమేనన్నారు.

గడువులో పదిహేనో రోజుకు ఆయన నాలుగు బురుజులు దాటారు. ఇరవయ్యో రోజుకు చుట్టంతా తిరిగి వచ్చారు. రాత్రి పెందలాడే పడుకుంటున్నారు గనుక పొద్దున్నే ముఖం తేటగా ఉంటోంది. ఒరుగు సగం తగ్గిందని సెలవిచ్చారు. సభ కూడా సగమే వాలింది. ఇరవయ్యయిదో రోజున మందిరం నిలువుగా ఉందన్నారు. సభ నిటారుగా నిలబడింది. ఇన్నాళ్లూ వాలి వాలి నడుములు పట్టేసిన పండితులు చాటుగా బయ్యనకు దండం పెట్టారు.

ముప్పై రెండో రోజున, సభ మధ్యలో, రాజుగారు మళ్లీ స్తంభం పట్టుకున్నారు.

బయ్యన వంటశాలకు పరిగెత్తాడు. అక్కమ్మ ఒట్టు పెట్టుకుంది, చిటికెడు దాటలేదని. నాట్యాలు లేవు. కేకలు లేవు. నడక ఆగలేదు సరిగదా, ఇదివరకటి కంటే పొద్దున్నే బయలుదేరి ఆలస్యంగా వస్తున్నారట. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒరుగు మాత్రం తిరిగి వచ్చింది. మాదయ పొరబడ్డాడా? లేక మందిరమే నిజంగా ఒరుగుతోందా? మళ్లీ నిమ్మకాయ తీసి చూసుకుంటే బాగుండుననిపించింది. ఆ రెండు రోజులూ అతను నిద్రపోలేదు, అన్నం సయించలేదు. తినే నాలుక ఇంకో ఎనిమిది రోజులే ఉంటుందని గుర్తొచ్చినప్పుడల్లా ముద్ద దిగేది కాదు.

ముప్పై నాలుగో రోజు పొద్దున, ఒరుగు కొలతలు రాసుకోవాలన్న వంకతో అతను కోటగోడ ఎక్కి, రాజుగారి వెనకాల దూరంగా నడిచాడు. రాజుగారు చకచకా నడుస్తున్నారు. దారిలో ఏ బురుజు దగ్గరా ఆగలేదు. నేరుగా ఉత్తరపు బురుజు దగ్గరికి వెళ్లి చతికిలబడ్డారు.

అక్కడి కావలివాడు ముత్తడు. ఏళ్ల తరబడి ఆ బురుజు మీదే గడిపిన మనిషి, సభ ముఖం ఎరగడు. వాడు మూట విప్పి చద్దన్నం రెండు ఆకుల్లో పెట్టాడు. ఒక ఆకు రాజుగారి ముందుకు జరిపాడు. పక్కన ఊరమిరపకాయలు గుప్పెడు, కాల్చిన ఎండుచేపలు నాలుగు, అరచేతి మందాన ఆవకాయ. రాజుగారు కళ్లు మూసుకుని నములుతున్నారు.

బయ్యన దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. రాజుగారు కళ్లు తెరిచి చూశారు. తప్పు చేస్తూ దొరికిపోయిన జాడ ఆ ముఖంలో లేశమైనా లేదు.

"చూశావా, మాట తప్పలేదు. మందిరంలో ఉప్పు ఉండకూడదన్నావు. తొమ్మిది రోజులుగా ఇక్కడే, బురుజు మీదే తింటున్నాను. లోపలికి ఒక్క రవ్వ పోనివ్వలేదు," అన్నారు.

బయ్యన తల పట్టుకున్నాడు. ఆయన తూచా తప్పకుండా తను చెప్పినట్టే చేశారు. తను అల్లిన అబద్ధంలో తనే చూసుకోని కన్నం ఒకటి ఉంది, రాజుగారు అందులోంచి దర్జాగా నడిచి వచ్చారు. ఇప్పుడేమని చెప్పాలి? గోడలకు పట్టే ఉప్పు గోడల బయట తింటే తప్పేమిటి?

ఈలోగా రాజుగారు భోజనం ముగించి లేచారు. లేచి, ముత్తడి బల్లెం పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఈ బురుజు కూడా ఒరిగింది," అన్నారు.

బయ్యన అలవాటు కొద్దీ వాలబోయాడు. ముత్తడు వాలలేదు. ఎలా వాలాలో వాడికి తెలియదు.

"లేదు దొరా, పద్దెనిమిదేళ్లుగా ఈడనే నిలబడుతున్నా. ఒరగలే. తమకు కళ్లు తిరిగినట్టున్నై, కూసోండి," అని, రాజుగారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తన మజ్జిగ ముంత ఆయన ముందు పెట్టాడు.

ముంత అంచు దాకా నిండుగా ఉంది. రాజుగారు దాని వంక చూశారు. బురుజు ఆయన కళ్లకు ఒరుగుతూనే ఉంది. మజ్జిగ మాత్రం ఏ పక్కకూ తొణకడం లేదు. చాలాసేపు అలాగే చూశారు. ఆయన ముఖంలో ఎప్పుడూ లేని తికమక కనిపించింది. పద్దెనిమిది బిరుదుల మనిషి, దారి తప్పిన యాత్రికుడిలా ఉన్నాడు. బయ్యనకు ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది. ఇక భయపడి లాభం లేదనుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ప్రభూ, తిన్న ఉప్పును బురుజు మీదే వదిలి వెళ్తున్నారా, లోపలికి తీసుకెళ్తున్నారా?"

"లోపలికి ఎలా తీసుకెళ్తాను? చేతుల్లో ఏమీ లేదే," అన్నారు రాజుగారు. అంటూ అంటూనే ఆయన చెయ్యి పొట్ట మీదికి పోయి అక్కడే ఆగిపోయింది.

ముత్తడు ఆకులు తీసి మూట కట్టుకున్నాడు. కింద వీధిలో ఎవరో బండి తోలుకుంటూ పోయారు. రాజుగారు ముఖం చిట్లించారు, నరం ఉబ్బింది, కేక వెయ్యడానికి నోరు తెరిచారు. మళ్లీ ఏమనుకున్నారో మూసుకున్నారు.

"నా తిండి మార్చావు. నన్ను కోట చుట్టూ తిప్పావు. నా నాట్యాలు ఆపించావు. అన్నీ గోడల కోసమన్నావు. ఇంత అబద్ధం ఆడతావా?"

"ఆడింది ఒక్క మాటే ప్రభూ. గోడ అన్నచోటల్లా తమ ఒళ్లు అనుకుంటే, తక్కినదంతా నిజమే."

"ఒళ్లు అని మొదటే చెప్పలేకపోయావా?"

"చెప్పినాయన ఊరిచివర మొక్కలకు నీళ్లు పోస్తున్నారు ప్రభూ."

రాజుగారు అతని ముఖంలోకి చూశారు. పెదవుల కొసలు వణికాయి. మొదట ముక్కుతో నవ్వారు, తరవాత పొట్ట పట్టుకుని నవ్వారు. రాజు నవ్వితే తనేం చెయ్యాలో తెలియని ముత్తడు బల్లెం నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజే మాదయకు పల్లకి పంపారు. ఆయన ఎక్కలేదు, నడిచే వచ్చాడు. జరిగిందంతా విని, నాడి చూసి, ఇరవై రోజుల్లో దిగినదాంట్లో సగం తొమ్మిది రోజుల్లో ఎక్కించారని, ఇకనైనా తిండీ నడకా నిద్రా నలభై రోజులకని కాక బతికున్నంతకాలానికని ఎంచుకోమని, తన మందు కూడా వేళ తప్పకుండా పుచ్చుకోమని నిర్మొహమాటంగా చెప్పాడు. రాజుగారు విన్నారు. నాగోజును విడిపించి, తప్పు తనదని సభలో ఒప్పుకుని, శాలువా కప్పి ఇంటికి సాగనంపారు. ముసలాయన వెళ్తూ వెళ్తూ ఒక స్తంభాన్ని అరచేత్తో తట్టి చూసి, బాగానే ఉందన్నట్టు తల పంకించాడు.

ఆ సభలోనే రాజుగారు సింహాసనం మీంచి లేచి, మందిరం ఒరగలేదు, ఇంతకుముందూ ఒరగలేదు అని చెప్పారు. అందరూ నిటారుగా నిలబడ్డారు. మంత్రి కసవరాజు మాత్రం ఈ మాటకు ఎటు వాలాలో తేలక, కాస్త ముందుకూ కాస్త వెనక్కూ ఊగుతూ ఉండిపోయాడు. అమాత్యులకు కూడా ఓసారి నాడి చూడమని రాజుగారు మాదయతో అన్నారు.

ఇక బయ్యన. అతన్ని దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ఇంతకాలం తనకు నిజం చెప్పే మనిషి ఒక్కడు పక్కన లేకపోయాడని రాజుగారన్నారు. కనక నేటి నుంచి రెండు పూటలా తన పంక్తిలోనే, తన విస్తరి పక్కనే, తనేం తింటే అదే తింటూ భోజనం చేసే గౌరవాన్ని అతనికి ఇస్తున్నామని ప్రకటించారు. ఇటువంటి గౌరవం ఆ రాజ్యంలో మంత్రులకు కూడా దక్కలేదు. సభంతా జేజేలు పలికింది. పొద్దున్నే కోట చుట్టూ నడక కూడా అందులో భాగమేనని రాజుగారు నవ్వుతూ కలిపారు.

బయ్యన ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లోపల మాచమ్మ ఆ ఏటి ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ అప్పుడే విప్పింది. కొత్తావకాయ వాసన వీధి దాకా వచ్చింది. వేడన్నం వార్చి ఉంది, పక్కన వెన్న పెట్టి ఉంది. ప్రభువులు ఏమిచ్చారండీ అని అడిగింది ఆవిడ.

బయ్యన జాడీ వంక చూశాడు. కోటవైపు చూశాడు. మళ్లీ జాడీ వంక చూశాడు.

"బహుమానమే ఇచ్చారే," అన్నాడు. కాసేపాగి, "అనే అనుకుంటున్నాను," అన్నాడు.

రాజభోజనానికి రమ్మని అప్పటికే వీధి చివర పిలుపు వినిపిస్తోంది.